దించే ముందు ఒక్క చిటికెడు

జూన్ 1, శనివారం

మొదలైపోయింది! ‘పొయ్యి మీద పోటీ’ మళ్లీ మొదలైపోయింది! ఇక రెండు నెలల పాటు శని, ఆదివారాల్లో సాయంత్రం ఏడయిందంటే భూమి బద్దలైనా మా ఇంట్లో ఎవరూ కదలరు.

ఎవరి చోట్లు వాళ్లవే. టీవీకి దగ్గరగా ఉన్న వాలుకుర్చీ అమ్మది, ఆవిడకి చెవులు కాస్త దూరం కనుక. సోఫాలో కిటికీ వైపు మా ఆవిడ. ఆవిడ భుజం మీద తల పెట్టి మా పిల్ల. కాలేజీ పరీక్షలు నెత్తి మీదున్నాయి, చదువుకోవే అంటే “ఇది కూడా చదువే నాన్నా” అంటుంది. గుమ్మం దగ్గర స్టూలు మీద బామ్మర్ది. వాడు దర్జీ. ఈ రెండు రోజులూ పెందరాళే షాపు షట్టరు దించేసి, మెడలో కొలతల టేపు అలాగే వేలాడేసుకుని పరిగెత్తుకొచ్చేస్తాడు. నేను కింద, దిండు మీద మోచెయ్యి ఆనించి.

మా ఆవిడ మొదటి పది నిమిషాల్లోనే నర్సు పార్టీలో చేరిపోయింది. ఆసుపత్రిలో పనిచేస్తూ ఇంటికెళ్లి పదిమందికి వండుతుందట ఆ నర్సు. అమ్మ రిటైర్డ్ మాస్టారి వైపు. బామ్మర్ది బాక్సర్ వైపు, ఎందుకురా అంటే “కండలు చూడు బావా, పిండి ఎలా పిసుకుతాడో!” అన్నాడు. జడ్జి మాత్రం పాత మీసాలాయనే. ఏ వంటయినా అయ్యే వేళకి ఆయన చూపుడువేలూ బొటనవేలూ కలిపి గాల్లోకెత్తి “దించే ముందు?” అని అడుగుతాడు. స్టూడియోలో వాళ్లంతా, ఇక్కడ మేం అయిదుగురం, చేతులెత్తి “ఒక్క చిటికెడు!” అని అరిచాం. అమ్మ అరుపు కాస్త ఆలస్యంగా, అందరికంటే గట్టిగా వచ్చింది. పై వాటా వాళ్లు నేల మీద తట్టారు. తట్టనీ.

మా ఆవిడ కూడా అరిచింది. గొంతు బొంగురుగానే ఉంది కానీ అరిచింది. మెడలో గడ్డ తీసెయ్యడం, ఆ తర్వాత కరెంటు పెట్టడాలు, అన్నీ అయిపోయాయి. రోగం పోయిందన్నారు. పోయింది. ఇక దాని గురించి ఈ డైరీలో రాయను.

జూన్ 2

నర్సు గట్టెక్కింది! మాస్టారి కేకు మధ్యలో కుంగింది. అమ్మ అలిగి అన్నం తినలేదు. తర్వాత తిన్నది.

జూన్ 4

లిఫ్టులు బాగుచేసేవాడికి తీరికేది, ఈ పూట ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిడ. కంగారు పడకండి, పైకెళ్లి చేత్తో దించేస్తాను అని తలుపు సందులోంచి చెప్పాను. “కంగారు నాకెందుకు నాయనా, కూరగాయల సంచీ మీద కూర్చున్నాను” అందావిడ. ఏం కూరగాయలు అన్నాను. గుమ్మడికాయ అంది. ఇంకేముంది! గుమ్మడికాయ సూపు ఉండలు కట్టకుండా ఉండాలంటే ఏం చెయ్యాలండీ అని అడిగేశాను. ముక్కలు ఉడికించకు, నూనె రాసి కాల్చు, అప్పుడు మెత్తగా చెయ్యి అంది. ఎంతసేపు కాల్చాలి అని నేనడుగుతుంటే వాచ్‌మన్ అరిచాడు, “అయ్యా, ముందు ఆవిణ్ణి బయటికి తియ్యండి!”

తీశాను. వచ్చి వండాను. ఇప్పుడు వంటింట్లో పెత్తనం నాదీ అమ్మదీ. మా ఆవిడ పొయ్యి సెగ దగ్గర నిలబడకూడదన్నారు.

అయినా మొదటి చెంచా ఆవిడదే. అది మా పెళ్లయిన కొత్తలో మొదలైన పద్ధతి. ఈ ఇంట్లో వండేవాళ్లెవరూ రుచి చూడరు. గిన్నె బల్ల మీదికి రావాలి, మా ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఊఁ అనాలి, అప్పుడే మిగతా వాళ్లు చెయ్యి పెట్టాలి. మరి బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి బల్ల దగ్గర కూర్చునే మనిషి ఇంట్లో ఉండగా మా మొద్దు నాలుకలు ఎవరిక్కావాలి? బిస్కెట్ ముక్క నోట్లో వేసుకుని ఇది ట్రేలో అంచున కాలిందా, మధ్యలో కాలిందా చెప్పేస్తుంది. టీవీలో కూర చూసి, “అందులో ఉప్పు తక్కువ” అంటుంది. తర్వాత మీసాలాయన కూడా అదే అంటాడు. ఆయన అన్నప్పుడల్లా ఇంట్లో చప్పట్లు.

సూపు నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నేను గరిటె పట్టుకునే నిలబడ్డాను.

“ఊఁ” అంది. “వెన్నలా జారిపోయిందండీ.”

నేను ఎగిరి గంతేశాను. ఇరవై ఏళ్లుగా ‘పర్లేదు’ దాటని మనిషి! అమ్మ మాత్రం తిని, “చప్పగా ఉందిరా” అంది. అమ్మకి చెవులే కాదు, నాలుక కూడా దూరమవుతోంది.

జూన్ 9

నర్సు మళ్లీ గెలిచింది. నిన్న ఆవిడ కూరని మీసాలాయన ఆకాశానికెత్తేశాడు. “ఘాటు గొంతు దాకా వచ్చి మర్యాదగా ఆగిపోయింది!” అన్నాడు. ఏం మాటండీ అది!

ఇవాళ నా బంగాళదుంపల కూరకి మా ఆవిడ అచ్చంగా అదే మాట అంది. ఘాటు గొంతు దాకా వచ్చి మర్యాదగా ఆగిందట. నర్సుకీ నాకూ ఒకే మార్కు! ఆవిడ గొంతు ఇంకా పచ్చిగా ఉందని నేను అందులో మిరియాలు గానీ, కారం గానీ వెయ్యనే లేదే అని ఒక్క క్షణం అనిపించింది. ఉల్లిపాయ ఘాటై ఉంటుంది. ఉల్లిపాయలు మంచివి తెచ్చాను.

జూన్ 11

డాక్టరు దగ్గరికి. అంతా బాగుంది. బరువు పెరగాలన్నాడు. నాలుక మాత్రం దాని ఇష్టం అన్నాడు. కొందరికి మూడు నెలల్లో రుచి తిరిగొస్తుంది, కొందరికి ఏడాది, ఎవరికో పూర్తిగా రాకపోవచ్చు. ఎవరికో.

“మా ఆవిడకి వచ్చేసింది డాక్టరుగారూ” అన్నాను. “నా కూరలో ఘాటు పట్టేసింది.” డాక్టరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ గోడ మీద క్యాలెండరు వైపు చూసింది.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. సెలవు జూలై ఆఖరుతో అయిపోతోంది, ఒకటో తారీకున రుచి బల్ల మీద మామూలు పరీక్ష ఉంటుంది, నెగ్గితే కుర్చీ మీదే, లేకపోతే ఆ కుర్చీలో వేరేవాళ్లని కూర్చోబెట్టక తప్పదు మేడం అన్నాడట. “నా నాలుకకేం, దివ్యంగా ఉంది” అని ఈవిడ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. దివ్యంగా అనే అంది.

జూన్ 16

బాక్సర్ ఇంటికెళ్లిపోయాడు! ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాడు, తర్వాత ఓడిపోయి ఏడ్చాడు, రెంటికీ తేడా తెలియలేదు. బామ్మర్ది టేపుతో కళ్లు తుడుచుకున్నాడు. “ఒరేయ్, అది జనాల నడుములకి చుట్టే టేపురా” అంది మా ఆవిడ. అందరం పడీ పడీ నవ్వాం.

వచ్చే ఆదివారం మన ఇంట్లోనే ఎపిసోడ్ చేద్దాం అని తీర్మానించుకున్నాం! అందరూ వండాలి, ఒకే పెద్ద గిన్నె. టమాటా సూపు, వెల్లుల్లి రొట్టె. జడ్జి మా ఆవిడ. మా పిల్ల అట్టముక్కల మీద అంకెలు రాసి మార్కుల పలకలు కూడా తయారుచేసేసింది.

జూన్ 23

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నుంచీ ఇల్లు సంతలా ఉంది. టమాటాలు నేను కాల్చాను. వెల్లుల్లి అమ్మ వలిచింది. రొట్టెలు బామ్మర్ది కోశాడు, కొలత టేపు పెట్టి! అన్నీ సమానంగా వచ్చాయి. మా పిల్ల పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ మీసాలాయనలా గొంతు మార్చి, “ఈనాటి మన పోటీదారు, లిఫ్టులెక్కే వీరుడు, వంటింట్లో ఎందుకు దిగాడు?” అని కామెంటరీ. మా ఆవిడ సోఫాలో కూర్చుని అందరినీ అదిలిస్తోంది. అంత కళగా ఆవిణ్ణి చూసి ఎన్నాళ్లయిందో.

సూపు దించాం. బల్ల చుట్టూ నిలబడ్డాం. ఆవిడ చెంచా ముంచింది. కళ్లు మూసుకుంది. మా పిల్ల డప్పులా బల్ల మీద వేళ్లు వాయించింది.

“ఊఁ” అంది. “ఉప్పు సరిగ్గా కుదిరింది. పదికి పది.”

కేకలు! మా ఆవిడ పలక ఎత్తింది. తన గిన్నెడు సూపూ తాగేసింది, గబగబా, టీవీలో చూపించినట్టు రొట్టె ముంచుకుని మరీ. అప్పుడు మేం మొదలుపెట్టాం.

సముద్రం. అంతకంటే ఏం రాయను? నాలుక మీద పెట్టగానే చెవుల్లో గుయ్‌మంది. బామ్మర్ది వైపు చూశాను, వాడు గోడ వైపు చూస్తున్నాడు. మా పిల్ల చెంచా నోట్లోనే ఉంచుకుని కదలకుండా ఉండిపోయింది. వాళ్ల మొహాలు చూస్తే సంగతి అర్థమైపోయింది. దించే ముందు ఒక్క చిటికెడు. నేను వేశాను. నేను రొట్టెలు చూడ్డానికి వెళ్లినప్పుడు అమ్మ వేసింది. అమ్మ అటు తిరగ్గానే మా పిల్ల. బామ్మర్ది చిటికెడంటే గుప్పెడు. ఎవరికి వాళ్లం మీసాలాయన అనుకున్నాం. రుచి ఎవరూ చూడలేదు, మా ఇంట్లో చూడరు కదా.

అమ్మ నోరు తెరిచింది. నేను బల్ల కింద అమ్మ కాలు తొక్కాను.

“బ్రహ్మాండం” అన్నాను.

“సూపర్ మామయ్యా, నువ్వు కోసిన రొట్టె” అంది మా పిల్ల. 

తాగాం. నలుగురం, గిన్నె అడుగు దాకా. మధ్యమధ్యలో మంచినీళ్లు. జగ్గు ఖాళీ అయింది. బామ్మర్ది లేచి ఇంకో జగ్గు నింపుకొచ్చాడు. అదీ అయిపోయింది. అమ్మ ముక్కు చీదుతూ కళ్లు తుడుచుకుంటూ తాగింది.

మా ఆవిడ మార్కుల పలక కింద పెట్టింది. జగ్గు వైపు చూసింది. నా వైపు చూసింది.

“సూపు తాగి ఇన్ని నీళ్లు తాగుతారేంటండీ?”

 లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. టీవీలో ఎపిసోడ్ వచ్చే టైమయింది. ఎవరూ పెట్టలేదు.

జూన్ 24

ఇవాళ ఏమీ రాయను.

జూన్ 25

ఒక ఆఫీసు బిల్డింగ్ మీద, లిఫ్టు మోటార్ గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాయబుద్ధి కాలేదు.

పొద్దున కాఫీ ఇస్తే ఆవిడే చెప్పింది. “తడిగుడ్డ నములుతున్నట్టుందండీ. ఏది పెట్టినా అంతే. కాఫీ అంటే వేడి. ఐసు అంటే చల్లన. అంతే తెలుస్తోంది.”

“మరి నా కూర? ఘాటు మర్యాదగా ఆగిందన్నావు?”

“మీసాలాయన అన్నాడు కదా. గుర్తుపెట్టుకుని చెప్పాను. మీరు అంత సంబరంగా గరిటె పట్టుకుని నిలబడితే, ఏం తెలియడం లేదని ఎలా చెప్పను?”

కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. మిరియాలు వెయ్యలేదని నాకు తెలుసు. తెలిసి కూడా ఉల్లిపాయ అనుకున్నాను. అమ్మ మొదటిరోజే చప్పగా ఉందంది. నాకు పొగడ్త కావాల్సొచ్చింది, అంతే.

“ఒకటో తారీకున ఏం చేద్దామనుకున్నావు?”

“తెలీదు. చూసి చెప్పేద్దామనుకున్నాను. రంగు బట్టి, విరిగినప్పుడు చప్పుడు బట్టి.” కప్పు బల్ల మీద పెట్టింది. “ఆ బల్ల దగ్గర కాకపోతే నేనెవర్నండీ?”

నా పెళ్లానివి అందామనుకున్నాను. అది సమాధానం కాదని తెలుసు. కాఫీ కప్పు తీసుకెళ్లి కడిగాను.

ఇందాక ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం ఆవిడే ఇన్‌చార్జికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. దివ్యంగా ఉందన్నది అబద్ధం, ఇప్పటికి రుచేమీ లేదు అని. ఆయన మంచివాడే. ఒకటో తారీకు దాకా చూద్దాం మేడం, అంతకంటే నా చేతుల్లో లేదు అన్నాడు. ఆ తర్వాత ప్యాకింగ్‌లో చోటు ఉంటుందట. ప్యాకింగ్!

జూన్ 29

ఏడయింది. టీవీ పెట్టాం. కిటికీ వైపు సోఫా ఖాళీ. “తలనొప్పి, మీరు చూడండి” అని లోపలే ఉండిపోయింది. నర్సు చేపని అటు తిప్పాలా ఇటు తిప్పాలా అని తికమకపడుతోంది. మాకు చెప్పేవాళ్లు లేరు. అయిదు నిమిషాలు చూశాం. అమ్మ రిమోట్ లాక్కుని టీవీ ఆపేసింది.

“అమ్మాయి లేకుండా ఏం చూస్తాంరా? శ్రాద్ధంలా ఉంది.”

లోపల తలుపు తెరుచుకుంది. మా ఆవిడ జడ విప్పుకుని నిలబడింది. “ఎందుకాపారు? నర్సు చేపని తిప్పిందా లేదా?”

“తెలీదక్కా” అన్నాడు బామ్మర్ది.

“తిప్పకూడదు! ఇప్పుడు తిప్పితే విరుగుతుంది! పెట్టండి, పెట్టండి!”

పెట్టాం. తిప్పింది. విరిగింది! “చెప్పానా!” అని అరిచి ఆవిడ చోట్లో ఆవిడ కూర్చుంది. నాలుక పోయినా కళ్లు పోలేదు, నోరు అసలే పోలేదు. నాకు సంతోషం పట్టలేక లేచి ఊరికే వంటింట్లోకెళ్లొచ్చాను.

అయిపోయాక అమ్మే మొదలుపెట్టింది. “అమ్మాయ్, నాకు చెవులు తగ్గితే మీరంతా దగ్గరికొచ్చి గట్టిగా మాట్లాడుతున్నారు కదా. నీ నాలుకతో కూడా గట్టిగా మాట్లాడాలేమో. రోజూ కాస్త కాస్త.”

“నాలుక మీద పోటీ!” అని మా పిల్ల పలకలన్నీ తెచ్చేసింది. ఒక్కటే షరతు పెట్టింది మా ఆవిడ, అందరి వైపూ వేలు చూపించి మరీ. “ఇకనుంచి ఈ ఇంట్లో అబద్ధం మార్కులు లేవు. మీరూ వెయ్యకూడదు, నేనూ వెయ్యను.”

జూన్ 30

నాలుక మీద పోటీ, మొదటి రోజు. కళ్లకి బామ్మర్ది తెచ్చిన లైనింగ్ గుడ్డ కట్టాం. పంచదార, ఉప్పు, నిమ్మరసం, కాకరకాయ రసం. నాలుగు చెంచాలు. నాలుగు సున్నాలు. సున్నా పలక మా పిల్ల చాలా అందంగా ఎత్తింది.

నర్సు బతికిపోయింది, చేప విరిగినా.

జూలై 3

సున్నా.

జూలై 6

సున్నా. మాస్టారు వెళ్లిపోయారు. అమ్మ ఇప్పుడు నర్సు పార్టీలోకి ఫిరాయించింది, సిగ్గు లేకుండా.

జూలై 8

సున్నా. “ఏదో ఇసుక లాంటిది” అంది పంచదారకి. ఇసుక అని తెలిసింది కదా అన్నాను. అబద్ధం మార్కులొద్దన్నాను కదా అంది.

జూలై 11

నిమ్మకాయ! నిమ్మకాయ! నిమ్మకాయ!

మూతి వంకర పెట్టింది! గుడ్డ కింద కళ్లు గట్టిగా మూసుకుని, ఒక దవడ లోపలికి లాగేసుకుని, “ఛీ, పుల్లగా!” అంది! ఆ తర్వాత తనన్న మాట తనకే వినిపించి, గుడ్డ లాగేసి మమ్మల్ని చూసింది. మా పిల్ల పలక పట్టుకుని మంచమెక్కి గెంతింది. పై వాటా వాళ్లు తట్టారు. నేను పైకెళ్లి తలుపు కొట్టి, “మా ఆవిడకి పులుపు వచ్చిందండీ!” అని చెప్పొచ్చాను. ఆయన ఏమర్థం చేసుకున్నాడో ఏమో, కంగ్రాట్యులేషన్స్ చెప్పి చెయ్యి ఊపాడు. నెలలు నిండే దాకా జాగ్రత్త అని కూడా అన్నాడు.

జూలై 14

తీపి! మొత్తం కాదు, చెంచా చివర్లో, మింగేటప్పుడు, “ఎక్కడో దూరంగా ఎవరో పిలిచినట్టు” అంది. ఒక మార్కు అడిగాం. అర మార్కే ఇవ్వమంది. ఇచ్చాం.

నర్సు ఫైనల్‌కి వచ్చేసింది! అవతల ఒక బేకరీ కుర్రాడు. వాడు కూడా గట్టివాడే. వాణ్ణి మేం ఇంట్లో పేరు పెట్టి తిట్టుకుంటున్నాం. పాపం వాడేం చేశాడు.

జూలై 19

చేదు వచ్చింది. కాకరకాయ రసం మా అందరి మీదా ఉమ్మింది. ఎంత ఆనందమో.

ఉప్పు మాత్రం రాలేదు. ఫ్యాక్టరీలో అసలు పనంతా ఉప్పుదేనట. తీపి పిల్లాడికైనా తెలుస్తుంది, తీపి బిస్కెట్‌లో ఉప్పు ఎంతుందో తెలియడమే రుచి బల్ల అంటే అంది. అంతా ఉప్పు దగ్గరే ఆగింది.

జూలై 23

ఉప్పు సున్నా.

జూలై 25

ఉప్పు సున్నా. ప్యాకింగ్‌లో కూర్చుని చేసే పని కాదట, నిలబడాలట. ఆవిడే ఫోన్‌లో మామూలుగా చెప్పింది, వాన వస్తుందేమో అన్నట్టు. నేను లిఫ్టులో సగం పని వదిలేసి వచ్చేశాను. మళ్లీ వెళ్లి పూర్తిచేశాను.

జూలై 28, ఆదివారం

 వరసగా రాయాలి.

ఇవాళ ఫైనల్. అందరం ఆరింటికే. టమాటా సూపే పెడదామంది మా పిల్ల, పోయిన చోటే వెతుక్కోవాలని. నేను వండాను. ఈసారి ఎవరినీ వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఉప్పు డబ్బా అల్మరా పై అరలో పెట్టేశాను. ఆ ఆదివారం గుర్తొచ్చి, నేను కూడా చెయ్యి బిగబట్టి, ఏదో నామకార్థం నాలుగు గింజలు రాల్చి ఊరుకున్నాను. ఆవిడకి తెలియదు కదా, మేం ఎలాగో తాగుతాం అనుకున్నాను.

టీవీలో ఊపు మామూలుగా లేదు. బేకరీ కుర్రాడు మూడంతస్తుల కేకు లేపుతున్నాడు. నర్సు తన పిల్లలకి జ్వరమొస్తే చేసే సూపు చేస్తోంది, ఫైనల్లో, సూపు! “పిచ్చిపిల్ల, ఇంకేమీ దొరకలేదా?” అని అమ్మ. “అదే కరెక్ట్ అత్తయ్యా, తనకొచ్చింది తను చేస్తోంది” అని మా ఆవిడ. నేను గిన్నెలు అందరి చేతుల్లో పెట్టాను. పెద్ద గొడవలో ఉన్నారు, మొదటి చెంచా సంగతి కూడా ఎవరికీ గుర్తులేదు.

మీసాలాయన లేచాడు. చెయ్యెత్తాడు. దించే ముందు?

“ఒక్క చిటికెడు!” అయిదుగురం.

మా ఆవిడ టీవీ మీంచి కళ్లు తియ్యకుండానే చెంచా నోట్లో పెట్టుకుంది.

“ఏంటండీ ఇది, ఇంత చప్పగా ఏడిచింది? అక్కడ ఆయన గొంతు చించుకుంటున్నాడు, ఇక్కడ మీకు ఉప్పెయ్యడానికి చేతులు రాలేదా?”

 టీవీలో డప్పులు మోగుతున్నాయి, ఎవరూ అటు చూడలేదు. బామ్మర్ది చెంచా గాల్లో. ఆవిడ ఇంకో చెంచా తాగింది. ఇంకోటి. “కాస్త ఉంది” అంది మెల్లగా. “అసలు లేకపోలేదు. కాస్తే ఉంది. చాలలేదు.”

పరిగెత్తాను. పై అర నుంచి డబ్బా దించుతుంటే తొందరలో సగం నెత్తి మీద పోసుకున్నాను. ఆవిడ గిన్నెలో ఒక్క చిటికెడు వేశాను. తిప్పింది. తాగింది. కళ్లు మూసుకుంది. ఎంతసేపు మూసుకుందో.

“ఊఁ” అంది. “పర్లేదు.”

పర్లేదు! ఇరవై ఏళ్ల నాటి నా ‘పర్లేదు’! నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. మా పిల్ల తల్లిని వాటేసుకుంది. బామ్మర్ది అమ్మని ఎత్తి తిప్పాడు, “దింపరా దర్జీ వెధవా” అని అమ్మ అరుస్తోంది. పలకలన్నీ గాల్లో. పై వాటా వాళ్లు ఈసారి తట్టలేదు, నేరుగా దిగొచ్చేశారు. వాళ్లకి కూడా సూపు పోశాం, ఉప్పు ఎవరిది వాళ్లు వేసుకోమన్నాం.

ఎప్పటికో టీవీ వైపు చూస్తే సబ్బు ప్రకటన వస్తోంది. ఎవరు గెలిచారో తెలియదు. ఇన్ని వారాలుగా కాపలా కాసి, అసలు ముక్క ఎవరం చూడలేదు.

జూలై 29

ఎవర్నీ అడగనివ్వలేదు మా ఆవిడ, శనివారం మళ్లీ వేస్తారు, చూసేదాకా చెవులు మూసుకోండి అంది. అమ్మకి ఆ కష్టం లేదు.

నేను మాత్రం ఆగలేకపోయాను. మూడో అంతస్తులో ఇరుక్కున్నాయనని తలుపు సందులోంచి అడిగేశాను. చెప్పాడు. ఇంట్లో చెప్పలేదు. మొహంలో కూడా కనపడనివ్వలేదు. నర్సే!

ఆగస్టు 1

పొద్దున ఫ్యాక్టరీ గేటు దాకా దింపాను. లోపలికి వెళ్తూ వెనక్కి చూడలేదు. నేను గేటెదురుగా టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. ఆ సందులో గాలంతా బిస్కెట్ల వాసన. ఒక సూపర్‌వైజర్ ఫోన్ చేసి లిఫ్టు ఆగిందన్నాడు. మెట్లెక్కమన్నాను.

మధ్యాహ్నం బయటికొచ్చింది. టోపీ ఇంకా తల మీదే ఉంది.

“మూడు ప్లేట్లు పెట్టారు. రెండు సరిగ్గా చెప్పాను. మూడోది తీపి, ఇంకా దూరంగానే ఉందండీ. తెలియడం లేదని చెప్పేశాను.”

“మరి?”

“ఉప్పు బిస్కెట్ల బల్ల ఇచ్చారు. తీపిది వచ్చాక చూద్దామన్నారు. కుర్చీ నాదే.”

ఇద్దరం అక్కడే టీ తాగాం. పంచదార తక్కువైందేమో అన్నాను. తెలీదు, మీరే చెప్పండి అంది. చెప్పాను, తక్కువైందని. కొట్టువాడు మొహం మాడ్చుకుని ఇంకో చెంచా వేశాడు.

ఆగస్టు 3, శనివారం

ఫైనల్ మళ్లీ చూశాం. నర్సు గెలిచింది! నేను అందరికంటే గట్టిగా ఆశ్చర్యపోయాను. “మీకు ముందే తెలుసు” అంది మా ఆవిడ.

ఈ పూట తిట్లు: రొట్టె అడుగున మాడింది. గుడ్డులో ఉప్పు ఒక పక్కకే పడింది. ఉల్లిపాయ పచ్చిగా ఉంది, తొందరెందుకు, ఏ రైలు పట్టుకోవాలి? ఇంకా ఏదో అంటోంది, వంటింట్లోంచి పిలుస్తోంది.

వెళ్తున్నాను. ఉప్పు డబ్బా మళ్లీ పై అరలోనే పెట్టేశానట, అందడం లేదట.